రేడియో పట్టుకున్న చెయ్యి, రేడియో చేసిన చెయ్యి

(ప్రచార మాధ్యమాల పరిశీలనపై మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుట్నించీ మనం తెరమీద పాత అమెరికన్ టీవీ ప్రకటనలు చూశాం. చేత్తో పట్టుకుని తిరిగే చిన్న రేడియోల ప్రకటనలు. 1950ల నుంచి 70ల దాకా తీసినవి. చూస్తున్నంతసేపూ కొందరు నవ్వారు, కొందరు ఎంత ముచ్చటగా ఉన్నాయో అన్నారు. వెనక వరసలోంచి ఒకరు మాత్రం, "మన ఇళ్లలోకి వచ్చే బూతు ప్రకటనలు వదిలేసి ఎప్పటివో అమెరికా రేడియోలు మనకెందుకు?" అని అడిగారు. సరైన ప్రశ్న. దానికి జవాబుగానే నా నాలుగు మాటలూ చెబుతాను.

ఈ ప్రకటనల్లో బూతు లేదు కాబట్టే వాటిని ఎంచుకున్నాం. మనం ప్రకటనల మీద ఫిర్యాదు రాసేటప్పుడు వాడే పత్రం ఒకసారి గుర్తు చేసుకోండి. దుస్తులు ఎలా ఉన్నాయి? శరీరంలో ఏ భాగాన్ని కెమెరా చూపించింది? రెండర్థాల మాటలున్నాయా? ఇవీ మన ప్రశ్నలు. పొద్దున చూసినవాటికి ఆ పత్రం నింపితే అన్ని గడుల్లోనూ "లేదు" అనే రాయాల్సి వస్తుంది. అందులో స్త్రీలు నిండుగా బట్టలు కట్టుకున్నారు, నవ్వుతున్నారు, చక్కగా మాట్లాడుతున్నారు. మరి ఇబ్బంది ఏముంది? ఇబ్బంది తెరమీద కనిపించేదాంట్లో కన్నా కనిపించకుండా పోయినదాంట్లో ఎక్కువ ఉంది. మన పత్రంలో దానికి గడి లేదు.

ముందు ఆ ప్రకటనలు ఎవరివో చూద్దాం. అమెరికాలో లైసెన్సు పొందిన టీవీ కేంద్రంలో డబ్బు తీసుకుని వేసిన మొట్టమొదటి ప్రకటన 1941 జులై 1న వచ్చింది. బులోవా అనే గడియారాల కంపెనీది. వేసింది న్యూయార్కులోని ఎన్.బి.సి. కేంద్రం. ఆ ఎన్.బి.సి. యజమాని ఆర్.సి.ఎ. అనే సంస్థ. హెచ్.ఎం.వి. రికార్డుల మీద గొట్టం ముందు కూర్చుని యజమాని గొంతు వింటున్న కుక్క బొమ్మ మనకందరికీ తెలుసు. అమెరికాలో ఆ బొమ్మ హక్కు ఆర్.సి.ఎ.ది. రేడియో సెట్లు తయారుచేసేది వాళ్లే, టీవీ సెట్లు తయారుచేసేది వాళ్లే, వాటిలో వినిపించే, కనిపించే కార్యక్రమాలు నడిపేదీ వాళ్లే. అంటే వాళ్ల రేడియో ప్రకటన వాళ్ల కేంద్రం నుంచే వచ్చి, వాళ్లు అమ్మిన పెట్టెలోనే కనబడగలిగేది. ఆ పెట్టె ముందు కూర్చున్న గృహిణి చేత ఇంకో పెట్టె కొనిపించడానికి మరో స్త్రీని తెచ్చి నిలబెట్టేవాళ్లు.

అప్పట్లో చాలా ప్రకటనలు ముందే తీసిపెట్టుకున్న సినిమాలు కావు. కార్యక్రమం మధ్యలో అప్పటికప్పుడు నిలబడి చెప్పేవే. వస్తువు పక్కన ఒక స్త్రీ ఉంటుంది. తలుపు తెరిచి చూపిస్తుంది, మీట తిప్పి చూపిస్తుంది, రేడియో అయితే ఒక వేలితో ఎత్తి చూపిస్తుంది. ఎంత తేలికో మనకి తెలియాలి కదా! వీళ్లలో ఎక్కువ పేరు పొందినామె బెట్టీ ఫర్నెస్. సినిమా నటి. 1949 నుంచి పదేళ్లకు పైగా వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఫ్రిజ్‌లు, స్టవ్‌లు, టీవీలు చూపించింది. 1952లో రెండు పెద్ద పార్టీల మహాసభలను దేశమంతా టీవీలో చూస్తున్నప్పుడు విరామంలో వచ్చి ఫ్రిజ్ తలుపు తెరిచేది ఆమే. చాలా ప్రకటనల్లో స్త్రీ చూపిస్తే మగగొంతు వివరిస్తుంది. ఫర్నెస్ తానే మాట్లాడేది, ధీమాగా మాట్లాడేది. ఈమె కథలో నాకు నచ్చేది తర్వాతి భాగం. 1967లో అధ్యక్షుడు జాన్సన్ ఆమెను వినియోగదారుల వ్యవహారాలకు ప్రత్యేక సహాయకురాలిగా నియమించాడు. ఫ్రిజ్‌లు అమ్మిన మనిషికి వినియోగదారుల గురించి ఏం తెలుసని చాలామంది వెక్కిరించారు. కొన్నాళ్లకే ఆమె వినియోగదారుల పక్షాన గట్టిగా నిలబడింది. కాబట్టి తెరమీది స్త్రీని చూసి, ఆమెకు బుర్ర లేదనుకోవడం పొరపాటు. ఆమె బుర్రకు ఆ ప్రకటనలో చోటివ్వలేదు, అంతే.

ఇక ఆ వస్తువు సంగతి. వాల్వులతో నడిచే రేడియోలు ఉన్న రోజుల్లో "పోర్టబుల్" అంటే టిఫిన్ క్యారియరంత బరువు మోసుకుపోవడమే. ట్రాన్సిస్టర్ వచ్చాక అది జేబులోకి వచ్చింది. అలా బజారులోకి వచ్చిన మొదటి రేడియో రీజెన్సీ టి.ఆర్-1. ఇండియానాపొలిస్‌లో తయారైంది. 1954 అక్టోబరులో ప్రకటించారు. ధర 49 డాలర్ల 95 సెంట్లు. ఆ ఏడాది అమెరికా కేంద్ర ప్రభుత్వ చట్టం ప్రకారం కనీస కూలి గంటకి 75 సెంట్లు. లెక్క వేసుకోండి. కనీస కూలి మీద బతికే మనిషి 66 గంటలకు పైగా పనిచేస్తే గానీ ఆ "అరచేతిలో స్వేచ్ఛ" అందదు. ఇలాంటి లెక్క ఏ ప్రకటనా చెప్పదు. మనం ఏ ప్రకటనకైనా వేసుకోవచ్చు. మన ఊళ్లో ఉపాధి హామీ కూలితో భాగిస్తే చాలు.

జేబు అన్నాను కదా, జేబు ఎవరిది? జపాన్ కంపెనీ సోనీ 1957లో టి.ఆర్-63 అనే రేడియోను తెచ్చి చొక్కా జేబులో పట్టే రేడియో అని చెప్పింది. నిజానికి మామూలు చొక్కా జేబు కన్నా అది కాస్త పెద్దది. అందుకని సేల్స్‌మెన్‌కి కొంచెం పెద్ద జేబులున్న చొక్కాలు కుట్టించి ఇచ్చారట. ఈ సంగతి కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన అకియో మోరితాయే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. అందరూ దీన్ని వ్యాపార చమత్కారంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇంకో సంగతి కనిపిస్తుంది. కొలత మగవాడి చొక్కాది. రేడియో పట్టకపోతే జేబునైనా మార్చారు గానీ, అసలు జేబే లేని మనిషి సంగతి ఆలోచించలేదు. ఆడవాళ్ల బట్టలకు జేబులుండవు. మన రవికెలకీ లేవు, రొంటిన దోపుకున్న చిన్న సంచే మన జేబు. అందుకే ప్రకటనల్లో అదే రేడియో స్త్రీ దగ్గరికి వచ్చేసరికి హ్యాండ్‌బ్యాగులోంచి, లిప్‌స్టిక్ పక్కనుంచి బయటికొస్తుంది. మగవాడి చేతిలో యంత్రం, ఆడదాని చేతిలో నగ.

ఈ నగ మాట ఉత్తినే అనడంలేదు. 1970ల మొదట్లో పానసోనిక్ కంపెనీ టూట్-ఎ-లూప్ అనే రేడియో అమ్మింది. గుండ్రంగా గాజులా ఉంటుంది, మెలితిప్పితే పాములా సాగుతుంది, చేతికి కడియంలా తొడుక్కోవచ్చు. టీవీలో దానికో పాట కట్టి, అది ఎన్ని ఆకారాల్లోకి మారుతుందో చూపిస్తూ కుర్రకారు చేత గంతులేయించారు. పొద్దున మీరు ఎక్కువగా నవ్వింది ఆ ప్రకటనకే. చూడ్డానికి సరదాగానే ఉంటుంది, కాదనను. రేడియో చెయ్యాల్సిన పని వినిపించడం. దాని సంగతి ఆ ప్రకటనలో ఎంతసేపు ఉందో గడియారం పెట్టుకుని మళ్లీ చూడండి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ప్రకటనలు ఆశపెట్టిన స్వేచ్ఛ పూర్తిగా అబద్ధం కాదు. అంతకుముందు రేడియో ఇంటి ముందు గదిలో ఉండేది, ఏం వినాలో తండ్రి నిర్ణయించేవాడు. చిన్న రేడియో, చెవిలో పెట్టుకునే గొట్టం వచ్చాక పదిహేనేళ్ల పిల్ల దిండు కింద పెట్టుకుని తనకి నచ్చిన పాట తాను వినగలిగింది. పెద్దవాళ్లు వద్దన్న సంగీతం కూడా విన్నది. మన ఊళ్లలోనూ అంతే. రేడియో గోడకి ఎత్తున బల్లమీద ఉండేది, స్టేషను తిప్పే హక్కు ఇంటాయనది. ఆయన పొలానికో ఆఫీసుకో వెళ్లాక మధ్యాహ్నం స్త్రీల కార్యక్రమం మాత్రం మనది. ట్రాన్సిస్టర్ వచ్చాక వంటింట్లోకి, చేలోకి, బీడీల చాట పక్కకి వచ్చింది. ఇది చిన్న మార్పు కాదు. స్త్రీలు ఒంటరిగా ఒక గొంతు వినగలగడం, ఎవరి అనుమతీ లేకుండా వినగలగడం హక్కుల చరిత్రలో రాసుకోవలసిన విషయమే. కంపెనీ ఆ కోరికను సృష్టించలేదు. ఉన్న కోరికను కనిపెట్టి దానికి ధర కట్టింది.

ఇక కనిపించకుండా పోయినదాని దగ్గరికి వస్తాను. ప్రకటనలో స్త్రీ చెయ్యి ఎంతో అందంగా, గోళ్లకు రంగుతో ఆ రేడియోను పట్టుకుని ఉంటుంది. ఆ రేడియోను చేసింది కూడా స్త్రీ చెయ్యే. కెమెరా ఆ రెండో చెయ్యి వైపు తిరగలేదు.

ఆర్.సి.ఎ. కంపెనీనే తీసుకోండి. న్యూజెర్సీలోని కామ్‌డెన్ పట్టణంలో వాళ్ల పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. రేడియో భాగాలు బిగించే వరసల్లో ఎక్కువమంది పడుచు ఆడపిల్లలు. 1936లో అక్కడ పెద్ద సమ్మె జరిగింది, యూనియన్ నిలబడింది. నాలుగేళ్లు తిరక్కుండానే కంపెనీ రేడియో పనిని ఇండియానాలోని బ్లూమింగ్‌టన్‌కు తరలించడం మొదలుపెట్టింది. అక్కడా ఆడవాళ్లనే తీసుకుంది. వాళ్లూ కాలక్రమంలో సంఘం పెట్టుకున్నారు. 1960ల్లో మెంఫిస్‌లో ఫ్యాక్టరీ పెట్టి కొద్ది ఏళ్లకే ఎత్తేశారు, మెక్సికోలోని హ్వారెస్‌లో ఇంకోటి పెట్టారు. 1998లో బ్లూమింగ్‌టన్ ఫ్యాక్టరీకి కూడా తాళం పడింది. జెఫర్సన్ కోవీ అనే చరిత్రకారుడు ఈ డెబ్బై ఏళ్ల ప్రయాణాన్ని ఒక పుస్తకంగా రాశాడు. ఆ ప్రయాణంలో ప్రతి మజిలీలోనూ ఒక్కటే కథ. నోరెత్తని ఆడపిల్లల కోసం వెతుకులాట, వాళ్లు నోరెత్తగానే మూటాముల్లె సర్దుకోవడం. "పోర్టబుల్" అన్న మాటకి ఇంకో అర్థం ఇక్కడుంది. రేడియో కన్నా ముందు ఫ్యాక్టరీనే చేత్తో పట్టుకుపోయేదయింది.

జపాన్‌లో ఈ పనికి మిడిల్ స్కూలు చదువు అయిపోగానే పదిహేనేళ్ల పిల్లల్ని పల్లెల నుంచి తెచ్చేవాళ్లు. హాస్టళ్లలో ఉంచేవాళ్లు. వాళ్లకి "ట్రాన్సిస్టర్ గర్ల్స్" అని పేరొచ్చింది. సూక్ష్మదర్శిని కింద వెంట్రుకంత తీగెలు అతికే పని అది. కళ్లు పోయే పని. అదే రోజుల్లో, 1959 ప్రాంతంలో, జపాన్‌లో "ట్రాన్సిస్టర్ గ్లామర్" అని ఇంకో మాట వాడుకలోకి వచ్చింది. దానర్థం ఏమిటో తెలుసా? పొట్టిగా, ఒంపుసొంపులతో ఉండే ఆడది అని. అంటే ఎవరి చేతులు ఆ వస్తువును చేశాయో ఆ ఆడవాళ్లను వస్తువుతో పోల్చి మురిసిపోయారు. మన ఊళ్లలో ఆడపిల్లని "పటాకా" అనేవాళ్లకి, శివకాశిలో ఆ పటాకా చుట్టే పిల్ల గుర్తుకొస్తుందా?

అమెరికాలోనే ఇంకో ఉదాహరణ. ఫెయిర్‌చైల్డ్ అనే సెమీకండక్టర్ల కంపెనీ 1965లో న్యూమెక్సికోలోని షిప్‌రాక్‌లో, నవాహో ఆదివాసుల ప్రాంతంలో ఫ్యాక్టరీ పెట్టింది. ఒక దశలో వెయ్యిమందికి పైగా పనివాళ్లు, అత్యధికులు నవాహో స్త్రీలు. 1969లో కంపెనీ ఒక ప్రచార పుస్తకం వేసింది. నవాహో స్త్రీలు నేసే రగ్గుల బొమ్మ పక్కన సర్క్యూటు నమూనా పెట్టి రెండూ ఒకలాగే ఉన్నాయని చూపించింది. నేత వాళ్లకి సహజంగా వచ్చు కాబట్టి ఈ పనీ సహజంగా వస్తుందట. చాలా మర్యాదగా, సంస్కృతి మీద గౌరవంతో రాసినట్టే ఉంటుంది. కానీ "సహజం" అన్న మాట మన చెవిన పడగానే మనం జాగ్రత్తపడాలి. సహజంగా వచ్చిన పనికి శిక్షణ విలువ కట్టక్కర్లేదు, నైపుణ్యపు కూలి ఇవ్వక్కర్లేదు. మగ్గం మీద మగవాడిని నేతగాడంటారు, పక్కన కూర్చుని రోజంతా కండెలు చుట్టే భార్యది "ఇంట్లో సాయం" అంటారు. అదీ సహజమే. 1981లో డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ అనే ఇద్దరు స్త్రీవాద ఆర్థికవేత్తలు ఈ "చురుకైన వేళ్లు" అనే కథను విప్పి చూపించారు. ఆ చురుకుదనం పుట్టుకతో వచ్చింది కాదు, చిన్నప్పట్నించీ తల్లి దగ్గర కుట్టుపని, ఇంటిపని చేసి నేర్చుకున్న నైపుణ్యం, ఇంట్లో నేర్చుకున్నది కాబట్టి ఎవరూ దాన్ని నైపుణ్యంగా లెక్కించరు అన్నారు. షిప్‌రాక్ విషయానికొస్తే, 1975 ఫిబ్రవరిలో పనివాళ్ల తొలగింపుల నేపథ్యంలో అమెరికన్ ఇండియన్ ఉద్యమకారులు ఫ్యాక్టరీని ఆక్రమించారు. కంపెనీ దాన్నే కారణంగా చూపి ఫ్యాక్టరీ మూసేసింది.

తైవాన్ కథ ఇంకా బాధాకరం. ఆర్.సి.ఎ. 1970లో తావోయువాన్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. టీవీ భాగాలు, సర్క్యూటు బోర్డులు చేసేవాళ్లు. వేల కొద్దీ ఆడపిల్లలు పనిచేశారు, అక్కడి హాస్టళ్లలోనే ఉన్నారు. భాగాలు కడగడానికి వాడిన ట్రైక్లోరోఎథిలీన్ లాంటి ద్రావకాలు నేలలోకి, భూగర్భ జలాల్లోకి దిగాయి. ఆ నీళ్లే తాగారు. ఫ్యాక్టరీ 1992లో మూతపడింది, కలుషితం సంగతి 1994లో బయటపడింది. ఆ మధ్యలో ఆర్.సి.ఎ.ని జనరల్ ఎలక్ట్రిక్ కొన్నది, తర్వాత ఆ వ్యాపారం ఫ్రాన్సుకు చెందిన థామ్సన్ చేతికి వెళ్లింది. కాన్సర్లు వచ్చిన స్త్రీలు, చనిపోయినవాళ్ల కుటుంబాలు సంఘం పెట్టుకుని 2004లో కోర్టుకు వెళ్లారు. ఎవరిని అడిగినా ఆ కంపెనీ మాది కాదన్నారు. 2018లో తైవాన్ సుప్రీంకోర్టు చాలామంది బాధితుల విషయంలో నష్టపరిహారాన్ని ఖాయం చేసింది. చేతులు మారినంత మాత్రాన ఆ పెద్ద కంపెనీలు తప్పించుకోలేవని తేల్చింది. ఫ్యాక్టరీ మూతపడ్డ ఇరవయ్యారేళ్లకి. వృత్తి రోగాల మీద పనిచేస్తున్నవాళ్లు మీలో ఉన్నారు. ఈ కేసును తప్పక చదవండి. ఇన్నేళ్ల తర్వాత కారణాన్ని ఎలా రుజువు చేస్తారన్న ప్రశ్నే మనకీ ఎదురవుతుంది.

మన దేశానికి వద్దాం. ఇక్కడ చిన్న రేడియో టీవీ ప్రకటన ద్వారా ఇళ్లలోకి రాలేదు. దూరదర్శన్‌లో ప్రకటనలు మొదలైంది 1976 జనవరి 1న. అప్పటికే ట్రాన్సిస్టర్ ఊళ్లలో పాతబడింది. అది రెండు దారుల్లో వచ్చింది. రెండూ స్త్రీల శరీరాల మీదుగానే వెళ్లాయి.

మొదటిది కట్నం. వాచీ, సైకిలు, రేడియో. ఒక తరం పెళ్లిచూపుల్లో ఈ మూడు మాటలూ జంత్రీలో తిథివారనక్షత్రాల్లా వినబడేవి. 1961లోనే కట్న నిషేధ చట్టం వచ్చింది, అయినా మూడింటి బేరం ఆగలేదు. రేడియో ఇవ్వలేకపోయినందుకు పుట్టింటికి తిరిగొచ్చిన కోడళ్లను మన సంఘాల్లో పాత కార్యకర్తలు ఎరుగుదురు. ఆ పిల్ల తండ్రి అప్పు చేసి తెచ్చిన రేడియోలో స్టేషను తిప్పే హక్కు మాత్రం అల్లుడిది. తర్వాత ఆ జాబితాలోకి టీవీ, స్కూటరు వచ్చాయి. జాబితా మారింది, రాసేవాళ్లు మారలేదు.

రెండోది కుటుంబ నియంత్రణ. 1967లో కేంద్రంలో ఆరోగ్య, కుటుంబ నియంత్రణ మంత్రి అయినది మన రాజమండ్రిలో పుట్టిన శ్రీపతి చంద్రశేఖర్, జనాభా శాస్త్రవేత్త. వేసెక్టమీ చేయించుకున్న ప్రతి మగవాడికీ ఒక ట్రాన్సిస్టర్ రేడియో బహుమతిగా ఇవ్వాలని ఆయన ప్రతిపాదించాడు. ప్రపంచ పత్రికలన్నీ దాన్ని వింతగా రాశాయి. తర్వాత ఎమర్జెన్సీలో, 1976-77లో దేశవ్యాప్తంగా ఎనభై లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. బహుమతి మాటున బలవంతం నడిచింది, బీదవాళ్లూ దళితులూ ముస్లింలూ ఎక్కువగా బలయ్యారు. ట్రాన్సిస్టర్ ఆశ చూపి కోయించారన్న మాట జనం జ్ఞాపకంలో ఈనాటికీ ఉంది. జనం తిరగబడి ప్రభుత్వాన్ని దించారు. దాని తర్వాత జరిగింది మనకు ముఖ్యం. మగవాళ్లను మళ్లీ ముట్టుకునే ధైర్యం ఏ ప్రభుత్వానికీ లేకపోయింది, కత్తి ఆడవాళ్ల వైపు తిరిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వివాహిత స్త్రీలలో దాదాపు 38 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, భర్తకు ఆపరేషన్ అయినవాళ్లు 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో స్త్రీల శాతం జాతీయ సగటు కన్నా బాగా ఎక్కువ. ఒకసారి పోల్చి చూడండి. మగవాడి శరీరానికి రేడియో వెల కట్టారు. ఆడదాని శరీరం దగ్గరికి వచ్చేసరికి రేడియో కూడా అక్కర్లేదనుకున్నారు, కొద్దిపాటి డబ్బూ, క్యాంపులో ఒక చాపా చాలనుకున్నారు.

ఇంకొక విషయం. పొద్దున చూసిన ఏ ప్రకటనలోనూ ఎవరూ రేడియోలో మాట్లాడలేదు, గమనించారా? అందరూ వింటారు. అది వినే పెట్టె, అంతే. 1932లోనే జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్, రేడియో ఒకవైపు పంచే పరికరంగా ఉండకూడదు, విన్నవాడు మాట్లాడగలిగేదిగా ఉండాలి అని వాదించాడు. మన దేశంలో ఆ తలుపు తెరిచింది 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. నిజానికి అది క్రికెట్ ప్రసార హక్కుల తగాదా. కానీ అందులో జస్టిస్ పి.బి. సావంత్ తదితరులు, గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అన్నారు. అప్పటి మెదక్ జిల్లాలో, జహీరాబాద్ ప్రాంతంలో, డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేస్తున్న సంఘం స్త్రీలు ఆ మాటను పట్టుకున్నారు. ఎక్కువమంది దళిత స్త్రీలు, చిన్న కమతాల్లో జొన్న, తైదలు పండించేవాళ్లు. మాచునూరులో రేడియో కేంద్రం కట్టుకుని కార్యక్రమాలు రికార్డు చేశారు. లైసెన్సు లేదు. దాదాపు పదేళ్లపాటు క్యాసెట్లలో నింపి సంఘాల్లో కూర్చుని వినిపించుకున్నారు. 2006లో గానీ స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో అనుమతి రాలేదు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారం మొదలైంది. ప్రారంభించింది జస్టిస్ సావంతే. అక్కడి యాసలో విత్తనాల గురించి, పండగల గురించి, మందుమొక్కల గురించి, వాళ్ల పాటలు వాళ్లే పాడుతూ చెప్పుకుంటారు. నా మటుకు నాకు, రేడియో చేతికి రావడమంటే అదే. ప్రకటనల్లో ఇలాంటి చెయ్యి మైకు పట్టుకోవడం మీరెక్కడైనా చూశారా?

చివరగా మన పనికి సంబంధించిన సంగతి. ఫిర్యాదు అనగానే మనం 1986 నాటి స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం వైపే పోతాం. ఆ చట్టంలో "కించపరచడం" అన్న మాట ఉంది గానీ పోలీసు స్టేషన్లో దాన్ని బట్టల కొలతగానే చదువుతారు. దానికన్నా పనికొచ్చేది ఇంకోటుంది. కేబుల్ టీవీ నిబంధనలు, 1994. అందులో 7వ నిబంధన ప్రకటనల నియమావళి. స్త్రీలను అణిగిమణిగి ఉండేవాళ్లుగా చూపిస్తూ, కుటుంబంలోనూ సమాజంలోనూ రెండో స్థానంలో ఉండేట్టు ప్రోత్సహించే ప్రకటనలు వేయకూడదని అందులో స్పష్టంగా ఉంది. కట్నం లాంటి దురాచారాలను వాడుకునే ప్రకటనలూ కూడదని ఉంది. మన సంఘాలు దీన్ని చాలా తక్కువగా వాడాయి. ప్రకటనదారులు స్వయంగా పెట్టుకున్న మండలి, ఎ.ఎస్.సి.ఐ., 2022 జూన్‌లో హానికరమైన స్త్రీ పురుష మూసచిత్రణల మీద మార్గదర్శకాలు తెచ్చింది. అది కోర్టు కాదు, కంపెనీల మండలి, దాని పరిమితి దానికుంది. అయినా ఫిర్యాదు పెడితే రాతపూర్వకంగా జవాబొస్తుంది, ఆ జవాబు మనకి ఆధారం.

అయితే ఈ రెండూ కూడా తెరమీద కనిపించే స్త్రీ దగ్గరే ఆగిపోతాయి. చేసిన చెయ్యి గురించి అడగడానికి ప్రకటనల చట్టంలో దారి లేదు, కార్మిక చట్టాల వైపు వెళ్లాలి. అందుకే మన పత్రంలో ఒక కొత్త పేజీ చేరుద్దామని నా ప్రతిపాదన. ఈ వస్తువు ఎక్కడ తయారవుతోంది, అక్కడ ఆడవాళ్లెంతమంది, కనీస కూలి మీద దీని ధర ఎన్ని గంటల పని, ప్రకటనలో ఎవరు మాట్లాడారు, ఎవరు ఊరికే చూపించారు, ఇంట్లో దీన్ని తిప్పే హక్కు ఎవరిదని చూపించారు. అన్నిటికీ జవాబులు దొరకవు. దొరకని గడిని ఖాళీగానే ఉంచి, కంపెనీకి ఉత్తరం రాద్దాం. సెల్‌ఫోన్ ప్రకటనలతో మొదలుపెట్టడం మంచిదని నాకనిపిస్తోంది. మన రెండు రాష్ట్రాల పక్కనే, చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో ఫోన్లు బిగించే ఫ్యాక్టరీల హాస్టళ్లలో పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలే ఉంటున్నారు. 2021 డిసెంబరులో అలాంటి ఒక హాస్టల్లో తిండి తిని జబ్బుపడ్డాక వాళ్లు రాత్రికి రాత్రి జాతీయ రహదారి మీద కూర్చున్న సంగతి మీరు పత్రికల్లో చదివే ఉంటారు. ఆ ఫోన్ల ప్రకటనలు మీ చేతుల్లోని ఫోన్లలోనే ఉన్నాయి.

భోజనాల తర్వాత అయిదుగురేసి కూర్చుని, తలా ఒక ప్రకటన తీసుకుని కొత్త పేజీ నింపి చూద్దాం. ఎక్కడ ఆగిపోయారో పక్కన పెన్సిలుతో రాసి పెట్టండి. మూడున్నరకి వాటి మీద మాట్లాడుకుందాం.